ఆదివారం పొద్దున నింపిన సంచి

మా వంటింట్లో బియ్యం డబ్బా పైన మేకుకు ఒక సంచి వేలాడుతుంది. మా ఆయన పాత లుంగీ చింపి నేనే కుట్టాను. ఆయన పోయి పన్నెండేళ్లయింది గానీ లుంగీ గళ్లు ఇంకా పోలేదు. మా వాడలో యేసును నమ్ముకున్న ప్రతి ఇంట్లో ఇలాంటి సంచి ఒకటి ఉంటుంది. ఎసరు పెట్టినప్పుడల్లా, బియ్యం కడగక ముందే ఒక పిడికెడు తీసి అందులో వేయాలి. రొట్టె చేసే పూటయితే పిడికెడు జొన్నలు వేయాలి. వేసేటప్పుడు కళ్లు మూసుకుని దేవునితో నాలుగు మాటలు మాట్లాడాలి. ఆదివారం ఆ సంచులన్నీ చర్చికి వస్తాయి. అందరి గింజలూ ఒక పెద్ద డబ్బాలో కలిపి, మంచం పట్టినవాళ్లకూ దిక్కులేని ముసలివాళ్లకూ పంచుతారు. పిడికెడు బియ్యం అంటాం దీన్ని. మా అత్త చేసేది. ఆమెను చూసి నేను నేర్చుకున్నాను.

నేర్చుకున్నాను అంటున్నాను గానీ సగమే నేర్చుకున్నాను. కొత్తకోటకు ఇవతల, పెద్ద రోడ్డు మీద ఒక హోటల్లో జొన్నరొట్టెలు చేసే పని నాది. పొద్దున లేస్తే ఇంటి పని, తర్వాత ఆటో, తర్వాత పొయ్యి ముందు నిలబడి రొట్టె మీద రొట్టె. లారీలవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు, పెనం చల్లారనివ్వరు. ఎసరు పెట్టేటప్పుడు కళ్లు మూసుకునే తీరిక ఎవరికుంది? అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరే ముందు సన్నబియ్యం డబ్బాలో తవ్వ ముంచి, రెండు తవ్వలు సంచిలో పోసేదాన్ని. వారమంతా పిడికెడు పిడికెడు వేసినా అన్ని రావు. ఎక్కువే పోశాను కదా, దేవునికి తక్కువ చేయలేదు కదా అని నా ధీమా.

ప్రార్థన సంగతీ అంతే. ఆదివారం పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేస్తుంటే చివర్లో గట్టిగా ఆమెన్ అనేదాన్ని. నా ఆమెన్ బయట బాట దాకా వినిపించేది. వారానికి సరిపడా ఒకేసారి అనేసి ఇంటికొచ్చి మాంసం కూర వండుకునేదాన్ని. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు.

చర్చిలో ఆ సంచులు పోయించుకునే పని ఒక అక్కది. తోడబుట్టింది కాదు. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటుంది, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. భర్త పోయాడు, పిల్లలు లేరు. చిన్నప్పుడు హాస్టల్లో ఉండి ఐదో తరగతి దాకా చదివింది. మా వయసు ఆడవాళ్లలో బైబిలు వాక్యం చదవగలిగింది ఆమె ఒక్కతే. ఆమె చదువుతుంటే వినీ వినీ కొన్ని కీర్తనలు నాకు నోటికి వచ్చాయి. మనిషి మెత్తన, మాట మాత్రం సూటి.

నాకు యాభై ఏడేళ్లప్పుడు షుగర్ ఆమె కళ్లలోకి దిగింది. కుడికన్ను లోపల రక్తం కారుతోందని, హైదరాబాదు పోయి ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టర్లు చెప్పారు. పోయే ముందు రోజు మా ఇంటికి వచ్చింది. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను.

"చెల్లే, నాకొక పని చేస్తవా?"

"చెప్పక్కా."

"ఆపరేషన్ అయినంక మూడు వారాలు బోర్ల పండుకోవాలంట. మొకం పైకి లేపొద్దంట. మా తమ్ముని ఇంట్ల ఉంట. గప్పుడు నాకు చదువుడు ఉండదు, మనిషి మొకం చూసుడు ఉండదు. పొద్దుగాల నువ్వు పిడికెడు తీసేటప్పుడు నా పేరు చెప్పి ఒక్క మాట ప్రార్థన చెయ్యి. గదే యాళ్లకు నేను గూడ చేస్త. ఇద్దరం చేస్తున్నమని జర ధైర్యముంటది."

"గదెంత పనక్కా! రోజు చేస్త."

"రోజా?"

"రోజు."

మొదటి రోజు చేశాను. అబద్ధం చెప్పను. రెండో రోజు ఆటోవాడు వాకిట్లో హారన్ కొడుతున్నాడని రేపు చేద్దాంలే అనుకున్నాను. మూడో రోజు ఆ మాటే గుర్తు రాలేదు. ఆదివారం గుర్తొచ్చింది. ఏడు రోజులకు కలిపి ఏడుసార్లు ఆమె పేరు చెప్పి, రెండు తవ్వల సన్నబియ్యం పోశాను. అక్క వారానికోసారి తమ్ముడి ఫోనులో మాట్లాడేది. ముఖం కిందికి పెట్టుకుని మాట్లాడుతుంటే గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చేది.

"చేస్తున్నవా చెల్లే?"

"చేస్తున్న అక్కా. మరువలే."

రెండు నెలలకు తిరిగొచ్చింది. నల్లద్దాలు పెట్టుకుంది. కుడికన్ను చూపు రాలేదు. ఎడమకన్ను కూడా మసకే, మనిషి నీడలాగా కనిపిస్తాడంది. అయినా ఆ ఆదివారమే చర్చికి వచ్చి, చాప మీద తన చోట్లో, డబ్బా పక్కన కూర్చుంది. ఆమె లేనన్నాళ్లు అయ్యగారి భార్య, అమ్మగారు, సంచులు పోయించుకున్నారు. ఆమె సంచి తీసుకుని డబ్బాలో బోర్లించేది, అంతే. అక్క అట్లా చేయలేదు. నా సంచి చేతికిస్తే బట్ట తడిమి, "లుంగీ సంచి, నువ్వేనా" అని నవ్వింది. తర్వాత లోపల చెయ్యి పెట్టింది. గింజలను వేళ్ల మధ్య నలుపుతూ కొంచెంసేపు అట్లే ఉంది.

"ఈ వారం రొట్టెలు చెయ్యలేదా చెల్లే?"

"ఎందుకు చెయ్యలే? మూడు దినాలు రొట్టెలే."

"జొన్నలు లేవు."

అక్క ఇంకో పిడికెడు పైకి తీసింది.

"మీ ఇంట్ల వారమంత రేషన్ దొడ్డుబియ్యమే గద. ఆదివారమొక్క దినమే సన్నయి వండుతరు. ఇందుల అన్ని సన్నయే ఉన్నయి."

చెప్పొద్దూ, ఆ సంచులు ఇంత మాట్లాడతాయని నాకు అప్పటిదాకా తెలియదు. వారమంతా వేసిన సంచిలో నాలుగు రకాల గింజలు ఉంటాయి. దొడ్డువి, సన్నవి, జొన్నలు, చుట్టమొచ్చిన పూట మేలురకం. నూకలు ఎక్కువ వస్తే ఆ ఇంట్లో బియ్యం అడుగంటాయని అక్క కనిపెట్టి, సాయంత్రం చప్పుడు లేకుండా ఆ ఇంటికి ఏదో ఒకటి పంపేది. ఇన్నేళ్లూ కళ్లతో చూసింది. ఇప్పుడు వేళ్లతో చూస్తోంది. నా సంచి మాత్రం ఎప్పుడూ ఒకే మాట చెప్పింది.

"నీకు ముందునుంచి తెల్సా?" అన్నాను.

"తెల్సు. బియ్యమే గద, ఎప్పుడు పోస్తే ఏంది అనుకున్న." నా వైపు తిరిగింది. "నేను బోర్ల పండుకున్నప్పుడు చేసినవా చెల్లే?"

అందరూ లేచిపోతున్నారు. అక్కడ ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఒక్క దినం చేసిన. తర్వాత చెయ్యలే."

ఆమె సంచి మూతి మూసింది. నాకు భయమేసింది. "అక్కా, నీ కన్ను నా మూలంగనే పోయిందా?" అని అడిగేశాను.

"నీ మూలంగ పోనీకి నువ్వేమన్న దేవునివా?" అంది కోపంగానే. "షుగర్‌తోని పోయింది. నేనే పత్యం చెయ్యలే. కన్ను సంగతి కాదే పిల్లా. గా మూడు వారాలు పొద్దుగాల లేచి, మా చెల్లె గూడ గిప్పుడు కండ్లు మూసుకుంటది అనుకుంట చేసిన. ఇద్దరం ఉన్నమనుకున్న. ఒక్కదాన్నే ఉంటి."

అరవై ఏళ్లు దాటిన బతుకులో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. హోటల్ సేటు తిట్టాడు, అత్త తిట్టింది. ఆ తిట్లు ఒక్కటీ గుర్తు లేవు. ఈ మాట గుర్తుంది.

రెండు ఆదివారాలు చర్చికి పోలేదు. ఒంట్లో బాగాలేదని కోడలితో చెప్పాను. ఒంట్లో బాగానే ఉంది. మూడో వారంలో ఒకరోజు తెల్లవారుజామున అజా వినబడింది. మసీదు దూరమే అయినా ఆ వేళకు గాలి మావైపు ఉంటుంది. రోజూ వినబడేదే. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. ఆ రోజు లేచాను. పిడికెడు జొన్నలు తీసి సంచిలో వేశాను. ఏం మాట్లాడాలో తోచలేదు. కాళ్లు అక్క ఇంటివైపు నడిచాయి.

ఆమె అప్పటికే లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. గ్రంథం ఒడిలో ఉంది. మూసే ఉంది.

"ఎవరది?"

"నేనే."

"ఏంటికొచ్చినవ్?"

"రొట్టెలు చేసిపెడ్త."

మూలకు వేలు చూపించింది. "పిండి గా డబ్బాల ఉంది. ముందుగాల ఇటు రా, కూర్చో" అంది.

ఆ రోజు నుంచి ఇద్దరం అజాకు లేచి ప్రార్థన చేయడం మొదలైంది. నన్ను లేపడానికి దేవుడు మసీదు మైకును వాడుకున్నాడు. ఆ పిలిచే ఆయనకు కూడా నేను రుణపడి ఉన్నాను.

మొదలైంది అన్నానని సులువుగా అయిందనుకోకండి. మోకాళ్లు నొప్పి. కళ్లు మూసుకుంటే నిద్ర. రెండు నిమిషాలకు మాటలు అయిపోయేవి. మాటలు అయిపోతే అయ్యగారి మాటలు అరువు తెచ్చుకునేదాన్ని. పరమందున్న మహోన్నతుడా, కృపాసంపూర్ణుడా అని అందుకునేదాన్ని. ఒకరోజు అక్క నా మోకాలి మీద తట్టింది.

"గా మాటలు ఆయన అయ్యగారి నోట ఆదివారం ఇన్నడు. నీకేమైంది నిన్న?"

"ఏమైతది? ఏం కాలే."

"ఏం కానిదానికి రాత్రి మీ ఇంట్ల గిన్నెలెందుకు ఎగిరినయి? గది చెప్పు ఆయనకు."

అట్లా నేను దేవునికి కోడలి సంగతి చెప్పడం నేర్చుకున్నాను. ఎండాకాలంలో అక్కకు జ్వరమొచ్చి వారం రోజులు మా వాకిట్లోనే ఒంటరిగా ప్రార్థన చేసుకున్నాను. చెవుడు లేకపోయినా నాది పెద్ద గొంతు. కోడలు పప్పు గిన్నె మాడ్చిందనీ, నా మాటకు ఎదురు చెబుతుందనీ, ప్రభువా దాని మనసు మార్చమనీ వరసబెట్టి చెబుతున్నాను. లోపలినుంచి కోడలి గొంతు వచ్చింది.

"అత్తమ్మా, దేవునికి చెప్పేటప్పుడు జర మెల్లగ చెప్పు. నాకు ఇనబడ్తుంది."

"ఇననియ్యి!"

"ఇన్న. పప్పు మాడ్చింది నేను గాదు, నీ కొడుకు. గది గూడ చెప్పు ఆయనకు."

కళ్లు మూసుకునే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ సంగతీ చెప్పాను. ఆ తర్వాత ఎన్నో పొద్దులు కోడలి మీద చెప్పడానికి ఫిర్యాదులు వెతికాను, దొరకలేదు. రోజూ ఒకరి పేరు దేవుని ముందు ఎత్తుతూ వాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. ఇప్పుడు సాయంత్రం పూట పిడికెడు కోడలే తీస్తుంది.

ఇక చదువు సంగతి. అక్కకు అన్నిటికంటే పెద్ద బాధ ఒడిలో మూసి ఉన్న ఆ గ్రంథమే. ప్రార్థన అయ్యాక దాని అట్ట తడిమి పక్కన పెట్టేది. చూడలేక ఒకరోజు అన్నాను, "నాకు నేర్పు. నేను చదివి ఇనిపిస్త."

"నీకు అరవై దగ్గరపడె. హోటల్ పనికి ఎప్పుడు పోతవ్, చదువు ఎప్పుడు నేరుస్తవ్?"

"రొట్టె చేసుకుంట నేరుస్త."

నిజంగా అట్లే నేర్చుకున్నాను. పలకలు లేవు. రొట్టె తట్టే పీట మీద పొడి జొన్నపిండి చల్లి, దాని మీద అక్క వేలితో అక్షరం గీసేది. ఆమె కంటికి అక్షరం కనబడదు గానీ ఆమె వేలికి అది ఎట్లుంటుందో గుర్తుంది. నేను పక్కన గీస్తే, నా గీతను వేలితో మెల్లగా తడిమి, "తలకట్టు ఏది? బోడిగున్నది" అనేది. తప్పయితే అరచేత్తో పిండి సాపు చేసేది. పాఠం అయ్యాక ఆ పిండితోనే రొట్టె. ఎన్ని అక్షరాలు తిన్నామో దేవునికే తెలుసు. రొట్టెలు చేసీ చేసీ కాలిన వేళ్లు నావి. అవి ఒత్తులు, దీర్ఘాలు తిప్పడానికి మొండికేశాయి. నేనూ మొండిదాన్నే. నేను భక్తురాలిని కాదు. ఆ మొండితనమే నాకు ప్రార్థనలోనూ పనికొచ్చింది.

ఆరేడు నెలలు గడిచాక ఒక పొద్దున గ్రంథం విప్పి, వేలు పెట్టి, ఒక కీర్తన మొత్తం గడగడా చదివాను. గొప్పగా తలెత్తి చూశాను. అక్క ముఖంలో ఏమీ లేదు.

"బాగ ఒప్పజెప్పినవ్" అంది.

"ఒప్పజెప్పుడేంది? చదివిన."

"గది నేను ముప్పై ఏండ్లు చదివి చదివి నీకు నోటికొచ్చింది. పుట తిప్పు. నువ్వు ఎన్నడు ఇననిది చదువు."

పుట తిప్పాను. మొదటి మాట దగ్గరే నా బండి ఆగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని మూడు వరసలు చదివేసరికి బయట ఆటో హారన్ మొదలైంది. ఆ ఆటో వెళ్లిపోయింది. ఆ రోజు నడిచి పోయాను. సేటు తిట్టాడు. కానీ ఆ మూడు వరసలు నేను చదివినవే, ఒప్పజెప్పినవి కావు. నా పాత సన్నబియ్యం ఉపాయం చదువులోకి కూడా వచ్చిందని బాటలో నడుస్తుంటే తట్టింది. సిగ్గుపడ్డాను, నవ్వుకున్నాను కూడా. నన్ను పట్టుకునే మనిషి ఒకరు ఉండటం కూడా దేవుని దయే. ఆ మనిషి లేకపోతే ఇప్పటికీ ఆదివారం పొద్దున తవ్వ ముంచుతూ ఉండేదాన్ని.

ఏళ్లు గడిచాయి. హోటల్ పని మానేశాను. ఇప్పుడు రేషన్ దుకాణంలో కూడా సన్నబియ్యమే ఇస్తున్నారు. మొదటిసారి ఆ బియ్యం వేసిన సంచులు చేతికొచ్చినప్పుడు అక్క వేళ్లతో నలిపి, "సర్కారు నా పరీక్ష చెడగొట్టింది. ఇగ ఎవరు దొంగలో నాకు తెల్వదు" అంది. చర్చి అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

పోయిన ఏడాది ఆమె ఎడమకన్ను కూడా మొరాయించింది. మళ్లీ హైదరాబాదు, మళ్లీ ఆపరేషన్, మళ్లీ మూడు వారాలు బోర్లా. పోయే రోజు దగ్గరపడుతోంది గానీ ఆమె నన్ను ఏమీ అడగలేదు. ముందు రోజూ అడగలేదు. ఒకసారి నమ్మి మోసపోయింది, మళ్లీ ఎందుకు అడుగుతుంది అనుకున్నాను. కొత్తకోటలో బస్సు ఎక్కించడానికి నేనే పోయాను. మెట్టు మీద కాలు పెట్టింది. ఇంక ఆగలేకపోయాను.

"అక్కా, నన్నేమి అడగవా?"

"ఏమడగాలె?"

"పోయినసారి అడిగినవ్ గద. ప్రార్థన చెయ్యమని."

"రోజు చేస్తనే ఉన్నవ్ గద పిల్లా. చేస్తున్నదాన్ని పట్టుకొని చెయ్యమని చెప్తరా?" అంది. కండక్టర్ ఎక్కమ్మా ఎక్కు అని గదమాయించాడు.

బస్సు కదిలాక, ఆ రోడ్డు మీద లారీల మోతలో, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాను. నన్ను ఎవరైనా చదువుకున్నదానా అంటే సంతోషమే. ఈ మాటకు వచ్చినంత సంతోషం దానికి రాలేదు.

ఆ మూడు వారాలు అజాకు లేచాను. పిడికెడు తీశాను. ఆమె పేరు చెప్పాను. ఒక పుట చదివాను, వినేవాళ్లు లేకపోయినా గొంతెత్తి చదివాను. కన్ను ఏమవుతుందో నాకు తెలియదు. కన్ను ఇమ్మని అడిగాను, ఇవ్వకపోయినా ఆమె ఒక్కతే ఉండకుండా చూడమని అడిగాను.

కన్ను నిలిచింది. చదువుకునేంత చూపు రాలేదు. మనుషుల ముఖాలు తెలుస్తాయి, గడప తెలుస్తుంది, చేతిలో రొట్టె తెలుస్తుంది. చాలంది అక్క. వచ్చిన మర్నాడు పొద్దున నేను పోయేసరికి గోడకు ఆనుకుని నా ముఖం వైపే చూస్తోంది.

"ముసలిదానివైనవే!" అంది.

"నువ్వు పడుచుదానివి మల్ల!"

నేను లుంగీ సంచి ఆమె ఒడిలో పెట్టాను. ఆ మూడు వారాల గింజలూ చర్చిలో పోయకుండా ఆమె కోసమే దాచాను. చెయ్యి పెడుతుందని చూశాను. పెట్టలేదు. మూతి పట్టుకుని ఊరుకుంది. నేనే చెప్పాను.

"ఒక దినం తప్పింది అక్కా. రెండో వారం మంగళవారం. చలిజ్వరమొచ్చి లేవలేకపోయిన. తర్వాత కలిపి వెయ్యలే. తప్పింది తప్పినట్టే ఉంచిన."

"తెల్వకపోతుండె నాకు, చెప్పకపోతే."

"అందుకే చెప్పిన."

అక్క సంచి మూతి ముడి వేసింది. తర్వాత, "గా మంగళవారం గూడ నువ్వు ఒక్కదానివి గావు. నేను బోర్ల పండుకొని రోజు నీ పేరు చెప్పిన. జ్వరమని తెల్వక చెప్పిన, గంతే" అంది.

సంచి పక్కన పెట్టి, ఒడిలోని గ్రంథం తీసి నా చేతికిచ్చింది. పుట తిప్పాను. మేమిద్దరం కలిసి ఎప్పుడూ చదవనిది వచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టి, పిడికెడు తీసి, మెల్లగా కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను.